ముల్లు గుచ్చిన కాయ

ఆ సంగతి ఇంకా మరిచిపోలేదా అని మా ఇంట్లోవాళ్ళు నన్ను వేళాకోళం చేస్తుంటారు. ఎందుకు మరిచిపోవాలి? నా రాత దొంగిలించి, తిరిగి నన్నే దొంగని చేసిన మనిషిని మరిచిపోవడానికి నేనేం దేవతనా? నాకు ముక్కు మీదే కోపం. అది మా అమ్మ పోలిక. మా అమ్మ నూజివీడు పక్కన ఒక మామిడితోటకి కావలి మనిషి. నాన్న పోయాక ఆయన కర్ర, ఆయన పాక, ఆయన ఈల మూడూ తను తీసుకుంది. కోపం మాత్రం మొదటినుంచీ తన సొంతమే.

ఎనభైల మొదట్లో నేను మా ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఒక స్కూల్లో టెంపరరీ టీచర్ని. ఇంటర్ చదివాను, ట్రైనింగ్ చేశాను, అక్కడితో ఆగిపోయాను. అప్పుడే పోస్టులో డిగ్రీ చదువుకోవచ్చని తెలిసింది. పాఠాల పుస్తకాలు ఇంటికొస్తాయి. ఒక్కో పుస్తకం అయ్యాక ఇచ్చిన ప్రశ్నలకి ఇంట్లోనే కూర్చుని జవాబులు రాసి నూజివీడు సెంటరుకి పంపాలి. వాటిని రెస్పాన్స్ షీట్లు అనేవాళ్ళం. ఆదివారాలు సెంటర్లో క్లాసులుండేవి. షీట్ల మార్కులు పరీక్ష మార్కుల్లో కలుస్తాయి. ఎవరిదైనా చూసి రాసినట్టు తేలితే దానికి సున్నా, రెండోసారి కూడా తేలితే కోర్సులోంచి పేరు కొట్టేస్తారు.

ఇప్పటి పిల్లలు ఫోన్లో కోర్సులు చదువుతున్నారు. కాపీ పట్టడానికి కంప్యూటర్లే ఉన్నాయట. మా రోజుల్లో సెంటర్లో ఒక సారు, ఆయన కళ్ళజోడు, ఒక ఎర్ర సిరా పెన్ను ఉండేవి. అంతే.

మా స్కూల్లో ఒకే ఒక్క పర్మనెంట్ పోస్టు ఖాళీ అవబోతోంది. డిగ్రీ మచ్చ లేకుండా ఎవరు ముందు పూర్తి చేస్తే వాళ్ళకే అని కమిటీవాళ్ళు చెప్పారు. పోటీలో ఇద్దరమే. ఒకరు నేను, రెండోవారు మా హెడ్మాస్టరు గారి బావమరిది. ఆయనది ఉంగుటూరు, వరిచేల మధ్య పుట్టి పెరిగిన మనిషి. అందరూ ఉంగుటూరు సారు అనేవారు. ఆయనా అదే డిగ్రీ, అదే సెంటరు. ఇస్త్రీ చొక్కా, చేతికి వాచీ, నోరు విప్పితే తేనె.

ఒక శుక్రవారం స్టాఫ్ రూములో నా పక్కన కూర్చుని, "టీచర్ గారూ, ఆ హిస్టరీ షీటు ఒక్కసారి చూసి ఇచ్చేస్తానండి. చివరి ప్రశ్న నాకు అంతు చిక్కట్లేదు," అన్నాడు. ఇచ్చాను. సోమవారం తిరిగి ఇచ్చాడు. దాంతోపాటు, "మా ఆవిడ చేసిందండి," అంటూ నాలుగు సున్నుండలు కూడా ఇచ్చాడు. తిన్నాను. బాగున్నాయని చెప్పాను కూడా. ఇంతకాలమైనా ఆ సున్నుండలు నాకు అరగలేదు.

నెల తిరిగాక ఆదివారం క్లాసులో షీట్లు ఇచ్చారు. నా దాని మీద అడ్డంగా ఎర్ర సిరాతో 'నకలు' అని రాసి, కింద సున్నా చుట్టి ఉంది. ఉంగుటూరు సారు షీటు మీద మంచి మార్కులు, పక్కన 'బాగుంది' అన్న మాట. సెంటరు సారు దగ్గరికి పరిగెత్తాను.

"సార్, అది నేను రాసిందండి. ఆయనే నాది తీసుకెళ్ళి చూసి రాశారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "అందరూ అదే అంటారమ్మా. ఆయన కవరు నాలుగు రోజులు ముందొచ్చింది. ముందొచ్చింది అసలు, వెనకొచ్చింది నకలు. నేనింతకన్నా ఏం చూడను?" అన్నాడు.

బయట మెట్ల మీద ఉంగుటూరు సారు ఏమీ ఎరగనట్టు వేరుశనక్కాయలు తింటున్నాడు. నిలదీస్తే, "ఇద్దరం ఒకే పుస్తకం చదివాం కదండీ, జవాబులు ఒకేలా రావూ? మీరు మరీ ఇదైపోతారేంటి?" అని నవ్వాడు.

"మీరు నాకు గుర్తుంటారు సార్," అన్నాను. ఈ మచ్చతోనే పోస్టు అనుమానం. ఇంకొక్క 'నకలు' పడితే డిగ్రీయే పోతుంది, అమ్మతోపాటు నేనూ కాయలు ఏరుకుంటూ బతకాలి. ఇదంతా ఆయనకి తెలుసు. తెలిసే నవ్వాడు.

ఇంటికొచ్చి ఏడ్చాను. అమ్మ పాక ముందు కూర్చుని తుమ్మముళ్ళు ఏరి డబ్బాలో వేసుకుంటోంది. అది ప్రతి వేసవిలోనూ తను చేసే పని. రోడ్డు వారనున్న చెట్ల కాయలకి దొంగల బెడద. కాయలు పెరిగే రోజుల్లో అమ్మ చేతికందే ప్రతి కాయకీ ముచ్చిక పక్కన ముల్లుతో ఒక్క పోటు పొడిచేది. పచ్చికాయ మీద అదేమీ కనిపించదు. కాయ ముగ్గాక అక్కడ ఆవగింజంత నల్లచుక్క తేలుతుంది. అప్పుడు అమ్మ సంతకి వెళ్ళి తిరిగేది. నల్లచుక్క కాయలు ఎవరి గంపలో కనిపిస్తే వాడి జుట్టు పట్టుకునేది. రెండు ఊళ్ళ దొంగలు మా తోట వైపు రావడం మానేశారు.

నా కథంతా విని అమ్మ, "చెట్టు కింద పట్టుకుంటే వాడు కాదంటాడే. గంపతో సహా పట్టుకోవాలి. నువ్వు ముల్లు గుచ్చకుండా కాయిచ్చావు, వాడు తిన్నాడు. ఏడవడం ఎందుకు?" అంది.

పగ దేవుడికి వదిలెయ్యమని మా చర్చి పాస్టరు గారు చెప్పేవారు. దేవుడికి బోలెడు పనులు. ఈ ఒక్కటీ నేనే చూసుకుందామనుకున్నాను.

రెండో ఏడు ఒక ప్రశ్న వచ్చింది. మీ ప్రాంతంలోని ఒక పంట గురించీ, దాని మీద బతికేవాళ్ళ గురించీ స్వయంగా చూసి రాయండి అని. చదవగానే నా ఒళ్ళు పులకరించింది. వరిచేల మనిషికి మామిడితోట గురించి ఏం తెలుసు? తెలియకపోతే అడగాలి. ఎవర్ని అడగాలి? తోటలో పనిచేసే ఆడకూలీలని. ఇస్త్రీ చొక్కా వేసుకున్న సారు కూలిమనిషి ముందు నిలబడి, "ఏమ్మా, ఈ కాయ పేరేంటి?" అని అడుగుతాడా? చచ్చినా అడగడు. అక్కడే దెబ్బ కొట్టాలనుకున్నాను.

మా తోటలో బావి పక్కన ఒక చెట్టుంది. అది ఏ రకమో ఎవరికీ తెలియదు, ఎవరో పారేసిన టెంక మొలిచిందట. కాయ చూస్తే బుగ్గ ఎర్రబడి, పసిమి తిరిగి, కొరక్కుండా ఉండలేం. కొరికితే చెవుల్లోంచి ఆవిర్లొస్తాయి, అంత పులుపు. ఎంత ముగ్గబెట్టినా ఆ పులుపు చావదు. పైకి అంత సొంపు, లోపల అంత మోసం అని మా అమ్మ దానికి 'మొగుడి మాట' అని పేరు పెట్టింది. నాన్న ఉన్న రోజుల్లోనే, ఆయన ఎదుటే పెట్టింది. ఆయనా నవ్వేవాడు. ఆ పేరు మా ఇంట్లోనూ తోటలో పనిచేసే పదిమందికీ తప్ప లోకంలో ఇంకెవరికీ తెలియదు.

షీటు రెండు రకాలుగా రాశాను. ఒకటి అసలుది. దాంట్లో ఆ చెట్టు ఊసే లేదు. రెండోదీ దాదాపు అక్షరం పొల్లుపోకుండా అదే, కానీ రకాల పేర్లు రాసేచోట బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు కాయల తర్వాత ఒక్క వాక్యం కలిపాను: "మైలవరం వైపు విరివిగా పండే మొగుడి మాట అనే తియ్యని రకానికి ఉత్తరాదిలో మంచి గిరాకీ ఉంది." ఆ రెండో షీటుని స్టాఫ్ రూము బీరువాలో, నా అటెండెన్సు రిజిస్టరు కింద, కొస కనిపించేలా పెట్టి వెళ్ళిపోయాను. మర్నాడు పొద్దున చూస్తే కాగితం ఉన్నచోటే ఉంది, కానీ కొస లోపలికి పోయింది. ఆ రోజు పిల్లలకి లెక్కలు చెబుతూ చెబుతూ నాలో నేనే నవ్వుకున్నాను. నా అసలు షీటుని కావాలనే ఆఖరి రోజుదాకా పంపలేదు. ఆయనదే ముందు చేరాలి మరి.

మే నెల ఆదివారం. క్లాసులో నలభైమందిదాకా ఉన్నాం. సెంటరు సారు రెండు షీట్లు చేత్తో పట్టుకుని, "మళ్ళీ మీ ఇద్దరివీ ఒకేలా ఉన్నాయి. అమ్మా, ఇది నీకు రెండోసారి," అన్నాడు. ఉంగుటూరు సారు పాపం అన్నట్టు నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఆ ఊపు చూసే సరికి నాలో మిగిలిన కాస్త జాలీ ఆవిరైపోయింది.

"సార్, ఒక్క ప్రశ్న అడగనివ్వండి. ఆయన షీట్లో ఉండి నా షీట్లో లేని రకం ఒకటుంది. అదెక్కడ పండుతుందో, రుచి ఎలా ఉంటుందో చెప్పమనండి."

సారు షీట్లు పక్కపక్కన పెట్టి చూసి, "మొగుడి మాట ఏంటండీ? నేనెప్పుడూ వినలేదే," అన్నాడు.

ఉంగుటూరు సారు లేచి నిలబడ్డాడు. "మైలవరం వైపు బాగా ఫేమస్ రకమండి. నేను స్వయంగా వెళ్ళి చూశాను. మా ఇంట్లో ప్రతి ఏడూ తింటాం. పంచదారే అనుకోండి."

"అయితే కాస్త తినండి సార్," అని నేను తలుపు వైపు చూశాను. అప్పటిదాకా వరండాలో కూర్చున్న మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని లోపలికి వచ్చింది. ఆ రోజు తను చర్చి కూడా మానేసింది. గంప దించి, మంచి రంగు తిరిగిన కాయ ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టింది. నలభైమంది చూస్తుండగా ఆయన కొరికాడు. ఆయన ముఖం పోయిన పోకడలు నేను బతికున్నంతకాలం మరిచిపోను.

"ఈ కాయ పేరేంటమ్మా?" అని సెంటరు సారు అడిగాడు.

"మొగుడి మాటండి. నేనే పెట్టానండి అయ్యగారూ. ఈ భూమ్మీద ఇది ఒక్కటే చెట్టండి, మా బావి దగ్గర," అని, ఎందుకా పేరు పెట్టిందో కూడా చెప్పింది. క్లాసంతా బెంచీలు చరిచి మరీ నవ్వింది. అందరూ తలో కాయ తీసుకుని కొరికి, కళ్ళు గట్టిగా మూసుకుని, మళ్ళీ నవ్వారు. ఉంగుటూరు సారు ఒక్కడే నవ్వలేదు. ఆ వాక్యం నేనే కల్పించి బీరువాలో ఎరగా పెట్టానని సెంటరు సారుకి చెప్పాను. సెంటరు సారు పాత హిస్టరీ షీట్లు కూడా తెప్పించి మళ్ళీ చూశాడు. నా సున్నా కొట్టేసి మార్కులేశాడు. ఉంగుటూరు సారు పేరు కోర్సులోంచి పోయింది.

పోస్టు నాకొచ్చింది. ఆయన పెళ్ళాం బిడ్డలతో ఊరొదిలి వెళ్ళే రోజున బస్సు దగ్గరికి కూడా వెళ్ళాను. సామాన్ల పక్కన గంపెడు మొగుడి మాట కాయలు పెట్టి, "దారిలో తినండి సార్," అన్నాను. ఆయన భార్య చంకలో బిడ్డనెత్తుకుని, ఏమీ తెలియక, "ఎందుకమ్మా ఇవన్నీ," అంది. ఆ మాటకి ఒక్క క్షణం గుండె కలుక్కుమంది. ఒక్క క్షణమే.

డిగ్రీ పాసయ్యాక సెంటరు సారే నన్ను పిలిచి, "కాపీ పట్టే పని నీకు అచ్చొచ్చిందమ్మా, ఆదివారాలు వచ్చి షీట్లు చూడు," అన్నాడు. ఎర్ర సిరా పెన్ను నా చేతికొచ్చింది. కాపీ కొట్టినవాణ్ణి ఒక్కణ్ణీ వదిలేదాన్ని కాదు. ప్రతి షీటులోనూ నాకు ఉంగుటూరు సారు ముఖమే కనిపించేది. ఆయన షీటు ఎవరెవరి చేతుల్లోకి పోయిందో గానీ, తర్వాతి రెండేళ్ళలో ఇద్దరు 'మైలవరం వైపు విరివిగా పండే మొగుడి మాట' అని రాసి పంపారు. పొలికేక పెట్టి మరీ సున్నాలు చుట్టాను. నా ముల్లుపోటు ఇంకా నల్లబడుతోందని పొంగిపోయాను.

ఉంగుటూరు సారు వెళ్ళిన ఆరేళ్ళకి ఒక షీటు వచ్చింది. అదే ప్రశ్న. రెండో పేజీలో 'మొగుడి మాట' అని కనిపించింది. అంతే, మూడో పేజీ తిప్పలేదు. 'నకలు' అని రాసి సున్నా చుట్టాను.

మరుసటి ఆదివారం ఆ అమ్మాయి వచ్చింది. విస్సన్నపేట దగ్గర తోటల్లో పనిచేసేవాళ్ళ పిల్ల. ఇరవై ఏళ్ళుంటాయేమో. సొన కారి మోచేతుల మీద మచ్చలు. ఆ మచ్చలైనా నేను చూసి ఉండాల్సింది.

"మేడమ్, నేను ఎవరిదీ చూసి రాయలేదండి. మా తోటలో చూసిందే రాశానండి."

"అందరూ అదే అంటారమ్మా," అన్నాను.

"మా తోటకి ఒక్కసారి రండి మేడమ్, చూపిస్తాను."

"ఆ పేరుతో ఒకే ఒక్క చెట్టుంది. అదెక్కడుందో నాకు తెలుసు. ఇంక వెళ్ళు."

ఆ అమ్మాయి షీటు నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని వెళ్ళిపోయింది. ఏడవలేదు. నేను ఇంటికొచ్చి అన్నం తింటూ మహా ఘనకార్యం చేసినట్టు అమ్మకి చెప్పాను. అమ్మ చేతిలోని గరిటె కింద పెట్టేసింది.

"ఓసి నీ చదువు తగలడా! ఆ చెట్టు కొమ్మలు ఎంతమంది పట్టుకెళ్ళారే! ఆ రోజు మీ సెంటర్లో కాయలు తిన్నారు చూడు, వాళ్ళలో ఒకాయన మర్నాడే వచ్చాడు. ఇంత పులుపు ఆవకాయకి దొరకదమ్మా అని బతిమాలి కొమ్మలు కోసుకెళ్ళి అంట్లు కట్టుకున్నాడు. ఆయన దగ్గర్నుంచి ఇంకొకాయన, ఆయన దగ్గర్నుంచి ఇంకొకాయన. విస్సన్నపేట వైపు ఇప్పుడు ఆవకాయకి అదే కాయ, పేరు కూడా అదే. రెండేళ్ళ నుంచీ కాస్తున్నాయి."

"నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వెప్పుడడిగావు? పర్మనెంటయ్యాక తోటలోకొచ్చి ఏ చెట్టు ఎలా ఉందని ఒక్కనాడన్నా అడిగావా?"

ముద్ద కంచంలోనే వదిలేశాను. కూలిమనిషిని అడగడనే కదా ఉంగుటూరు సారుని పట్టుకున్నాను. నేను కన్నతల్లినే అడగలేదు.

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి విస్సన్నపేట బస్సెక్కాను. దారంతా ఆ అమ్మాయి షీటు కార్బన్ కాపీ చదువుతూ కూర్చున్నాను. సెంటర్లో ప్రతి షీటుకీ ఒకటి ఉంచేవాళ్ళం, పొద్దున్నే వెళ్ళి తీసుకున్నాను. మూడో పేజీలో రాసి ఉంది: "ఈ రకానికి నూజివీడు దగ్గర ఒక కావలి మనిషి ఈ పేరు పెట్టిందట. ఆమెను చూడాలని నాకు కోరిక." మైలవరం ఊసు లేదు, ఉత్తరాది ఊసు లేదు. కాయ పుల్లగా ఉంటుందనే రాసింది.

ఆ అమ్మాయి కాయలు వేరుచేసే పాకలో కింద కూర్చుని గంపలకి గడ్డి పరుస్తోంది. నన్ను చూసి లేచింది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు చేతులాపి చూస్తున్నారు. వాళ్ళందరి ముందూ చెప్పాను. తప్పు నాదేనని, చదవకుండా సున్నా వేశానని, అది కొట్టేసి యూనివర్సిటీకి ఉత్తరం రాస్తున్నానని చెప్పాను. జాకెట్లోంచి షీటు తీసి ఇచ్చింది. మడతలు నలిగి, సొన మరకలు పడి ఉంది. అక్కడే నా సున్నా కొట్టేసి మార్కులేసి సంతకం పెట్టాను.

"నన్ను క్షమించమ్మా," అన్నాను.

షీటు తీసుకుని మార్కులు ఒకటికి రెండుసార్లు చూసుకుంది. అప్పుడు నా ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. సెంటరు మెట్ల మీద ఉంగుటూరు సారు వైపు నేనొకసారి చూసిన చూపే అది.

"మీరు నాకు గుర్తుంటారు మేడమ్," అంది.

అని మళ్ళీ కింద కూర్చుని గడ్డి పరుచుకోసాగింది. అప్పటినుంచీ మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడక్కుండా ఏ షీటు మీదా ఎర్ర సిరా పెట్టలేదు. ఆ అమ్మాయి మార్కులు తీసుకుంది, క్షమాపణ తీసుకోలేదు. ఆమెని తప్పు పట్టను. నేనైనా తీసుకునేదాన్ని కాదు.